ధర కాగితంలో లేని ఖర్చులు

ఆ కాగితం ఒకే ఒక్క పేజీ. పైన అమ్మే కంపెనీ గుర్తు, మధ్యలో ఒక అంకె, అడుగున "పన్నులు అదనం" అని చిన్న అక్షరాలు. మా యజమాని దాన్ని నా బల్ల మీద పెట్టి నిలబడే చెప్పారు.

"మెషిన్ల మెయింటెనెన్సుకు కొత్త సాఫ్ట్‌వేర్ తీసుకుంటాండామమ్మా. సంవత్సరానికి నాలుగు లక్షలంట. దీనికి బడ్జెట్ రాసియ్యి. వచ్చే సోమవారం పెనుకొండలో మీటింగు."

ఆయన వెళ్ళిపోయాక కూడా నేను ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

మా యజమానికి మూడు ఊళ్ళలో మూడు పనులు. హిందూపురంలో నూలు మిల్లు, పెనుకొండలో దుస్తులు కుట్టే ఫ్యాక్టరీ, ధర్మవరంలో పట్టు దారానికి రంగులేసే షెడ్డు. మిల్లులో మెయింటెనెన్స్ ఆఫీసు చూసేది నేను. ఏ యంత్రం ఎప్పుడు ఆగింది, ఎవరు బాగుచేశారు, ఏ సామాను మార్చారు అన్నవన్నీ రిజిస్టర్లలో రాయించడం, రాసింది దాచడం నా పని. మాది మడకశిర దారిలో ఒక పల్లె. అమ్మ, నాయన మల్బరీ తోటల్లో కూలి చేసి నన్ను మెకానికల్ డిప్లొమా చదివించారు. ఆ చదువుకు మిల్లులో నాకు మొదట దొరికింది కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. నాలుగేళ్ళ కింద మిల్లుకు మొదటిసారి కొన్న ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లోనే వివరాలు ఎక్కించాలి.

ఆ పాత సాఫ్ట్‌వేర్ చెడ్డదేమీ కాదు. అమ్మినవాళ్ళు రెండు రోజులు వచ్చి, ఇంగ్లీషులో ఏదో చూపించి, టీ తాగి వెళ్ళిపోయారు. యంత్రాల జాబితాను ఎవరూ సరిచూడలేదు. రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించమన్నారు, ఎక్కించాను. పాత ఇనుము కింద ఎప్పుడో అమ్మేసిన యంత్రానికి కూడా నూనె పోయమని ప్రతి నెలా కంప్యూటర్ గుర్తుచేసేది. యంత్రాలు బాగుచేసే ఫిట్టర్లు కొన్నాళ్ళు నవ్వుకున్నారు, తర్వాత దాని వైపు చూడటం మానేశారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ చందా కట్టాలన్నారు. ఆ డబ్బు ఎవరి బడ్జెట్లోనూ లేదు. అది అట్లాగే ఆగిపోయింది.

ఆగిపోయినందుకు నింద మాత్రం ఫిట్టర్ల మీద పడింది. "మనోళ్ళకు కంప్యూటర్లు ఎక్కవప్పా" అని పైవాళ్ళు ఒక మాట అనేసి ఊరుకున్నారు. ఆ మాట నా ముందే అన్నారు. కాదని చెప్పే ధైర్యం అప్పుడు నాకు లేదు. మనోళ్ళు అంటే మా నాయనలాంటి వాళ్ళే కదా అన్న బాధ మాత్రం చాలా రోజులు ఉండిపోయింది.

అందుకే ఈసారి ఆ నాలుగు లక్షల అంకెను తీసి బడ్జెట్ కాగితంలో ఎక్కించేసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ధర ఎంతో అమ్మేవాళ్ళు చెప్పారు. ఖర్చు ఎంతో నేను తెలుసుకోవాలి. చేతిలో వారం ఉంది. యజమాని దగ్గర అనుమతి తీసుకుని మూడు చోట్లకూ బయలుదేరాను.

మొదట మా మిల్లులోనే మొదలుపెట్టాను. హెడ్ ఫిట్టర్ ముప్పై ఏళ్ళ నుంచి ఆ యంత్రాల మధ్యే తిరుగుతున్న మనిషి. చప్పుడు విని జబ్బు చెప్పగలడు. నన్ను పాపా అంటాడు, నేను అన్నా అంటాను. ఇద్దరం ఒక్కో యంత్రం దగ్గర ఆగి, దాని మీది రేకు తుడిచి, నంబరు చదివి రాసుకుంటూ పోయాం. రెండు గంటలకు ఏడు యంత్రాలు అయ్యాయి. అందులో మూడింటి నంబర్లు రిజిస్టరుతో కలవలేదు. ఒకటి రిజిస్టరులోనే లేదు.

తర్వాత సామాన్ల గదికి వెళ్ళాం. ఒకే బేరింగు అక్కడ మూడు పేర్లతో మూడు అరల్లో ఉంది. ఒకచోట కొలత ప్రకారం, ఒకచోట తయారుచేసిన కంపెనీ పేరుతో, మూడోచోట ఉత్త "సన్న బేరింగు" అని. ఒక అరలో అయిపోతే, పక్క అరలో ఉందని తెలియక కొత్తవి తెప్పిస్తూ వచ్చారు.

హెడ్ ఫిట్టర్ చేతులు తుడుచుకుంటూ అడిగాడు. "పాపా, నేను ఈడ నిలబడి పేర్లు చెప్తా, నువ్వు రాసుకుంటావు. బాగుండాది. ఈ గంటలన్నీ ఆడ నా పని ఎవరు చేస్తారు?"

నా బడ్జెట్లో మొదటి వరుస అదే అయింది. యంత్రాలన్నీ లెక్కపెట్టి పేర్లు సరిచేసే రోజుల్లో ఫిట్టర్ల పనికి బదులు మనుషుల కూలి. అమ్మేవాళ్ళ కాగితంలో అది లేదు. వాళ్ళ దృష్టిలో యంత్రాల జాబితా అంటే మనం ఇచ్చే కాగితం.

మర్నాడు బస్సెక్కి పెనుకొండ వెళ్ళాను. కుట్టు ఫ్యాక్టరీ గేటు దగ్గరే చెక్క అరలున్నాయి. లోపలికి పోయే ప్రతి మనిషీ ఫోను అందులో పెట్టి పోవాలి. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళు చెప్పిన గొప్ప సంగతి ఏమిటంటే, అంతా ఫోనులోనే నడుస్తుందని. లోపల కుట్టు మిషన్లు బాగుచేసే ఆడవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళలో పెద్దామెను అడిగాను.

"అక్కా, ప్రతి రిపేరూ అయిపోతానే ఫోనులో రాయమంటే రాస్తారా?"

ఆమె మిషన్ సూది బిగిస్తూ, తల ఎత్తకుండానే చెప్పింది. "ఫోను గేటు కాడ ఉండాది. ఆడికి పోయి, నొక్కి వచ్చేలోపల నేను ఇంకో రెండు మిషన్లు బాగుచేస్తా. ఎవురు పోతారమ్మా?"

"లోపలే గోడకు ఒక ట్యాబ్లెట్ పెడితే?"

"అట్లయితే రాస్తాం. రాసేదానికేముండాది."

రెండు ట్యాబ్లెట్లు, వాటికి గోడకు బిగించే చట్రాలు, పాడైతే మార్చడానికి ఇంకొకటి. అదొక వరుస.

అక్కణ్ణుంచి రైల్లో ధర్మవరం. రంగుల షెడ్డులో ఆవిరి, వేడి, తడి నేల. బాయిలర్ చూసే ఆయన యాభై దాటిన మనిషి. ఆ బాయిలర్ నుంచి వచ్చే ఆవిరితోనే రంగు నీళ్ళు కాగాలి. మధ్యలో ఆవిరి ఆగితే తొట్టిలో ఉన్న పట్టుకు రంగు ఒకచోట ముదురు, ఒకచోట లేత అయి, ఆ దారం మొత్తం పనికిరాకుండా పోతుంది. నేను జేబులోంచి ఫోను తీసి చూస్తుంటే ఆయనే చెప్పాడు.

"ఈడ ఫోను మోగదమ్మా. మా ఇంటోళ్ళు నాతో మాట్లాడాలంటే గేటు కాడ వాచ్‌మన్‌కు చేస్తారు. ఆయప్ప వచ్చి పిలుస్తాడు."

"నెట్టు వచ్చేటట్టు చేస్తే, రోజూ బాయిలర్ వివరాలు మీరే ఎక్కిస్తారా?"

ఆయన వెళ్ళి బాయిలర్ మీటరు ఒకసారి చూసి వచ్చాడు. తర్వాత నిదానంగా, "ఇంగ్లీషు రాదు నాకు. తెలుగులో ఉంటే ఎవురూ అక్కర్లేదు, నేనే రాస్తా" అన్నాడు.

ఆ సాయంత్రం ధర్మవరం స్టేషన్లో బల్ల మీద కూర్చుని, సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ మనిషికి ఫోన్ చేశాను. నా నోటుపుస్తకంలో ప్రశ్నలు వరుసగా ఉన్నాయి. ఈ నాలుగు లక్షలు ఎంతమంది వాడటానికి? రెండో ఏడాది చందా ఎంత పెరుగుతుంది? నేర్పడానికి ఎన్ని రోజులు వస్తారు, ఏ భాషలో? తెరమీద తెలుగు కావాలంటే ఎంత? రేపు మేం మానుకుంటే, మేం ఎక్కించిన వివరాలు మా చేతికి ఇస్తారా?

మొదట ఆయన గొంతు చాలా హుషారుగా ఉంది. మూడో ప్రశ్నకు నెమ్మదించింది.

"మేడం, ఇవన్నీ ఎవరూ అడగరండీ."

"నేను అడుగుతున్నాను కదండీ. చెప్పింది ఈమెయిల్లో రాసి పంపండి."

రెండు రోజులకు పంపాడు. ఐదుగురికి మించితే మనిషికింత అదనం. తెలుగుకు అదనం. మూడో రోజు నుంచి శిక్షణకు రోజుకింత. రెండో ఏడాది నుంచి చందా పెంపు. అన్నీ కలిపి, మా ఖర్చులు కూడా చేర్చి మూడేళ్ళకు లెక్క వేశాను. వాళ్ళ కాగితం ప్రకారం పన్నెండు లక్షలు కావాలి. నా కాగితంలో ముప్పై ఒకటి వచ్చింది. ఎక్కడో తప్పు చేశానేమోనని మళ్ళీ కూడి చూశాను. మళ్ళీ ముప్పై ఒకటే.

సోమవారం పెనుకొండ ఆఫీసులో యజమాని, అకౌంట్స్ చూసే పెద్దాయన, మూడు చోట్ల మేనేజర్లు కూర్చున్నారు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. కాగితాలు అందరికీ పంచాను. అకౌంట్స్ పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని చివరి అంకె చూసి, కాగితాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"ఏందమ్మా ఇది? కోడిని కొనుక్కురమ్మంటే కోళ్ళ ఫారం రాసుకొచ్చినావు."

మేనేజర్లు నవ్వారు. యజమాని నవ్వలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. అయినా సంచిలోంచి ఇంకో ఫైలు తీశాను. పాత సాఫ్ట్‌వేర్ బిల్లుల ఫైలు అది.

"సార్, పోయిన తూరి మనం కోడినే కొన్నాం. గంప కొనలేదు, గింజలు కొనలేదు. అది చచ్చిపోయింది. దానికి అయిన ఖర్చంతా ఇందులో ఉండాది. సాఫ్ట్‌వేర్, రెండు కంప్యూటర్లు, వివరాలు ఎక్కించేదానికి పెట్టుకున్న మనిషి జీతం. ఆ మనిషి నేనే. నాకు ఇచ్చిన జీతం కూడా వృథా ఖర్చులోనే రాసినా."

యజమాని ఆ ఫైలు తన వైపు లాక్కుని, బిల్లులు ఒక్కొక్కటీ తిప్పారు.

"ఫిట్టర్లు వాడలేదని కదా అప్పుడు ఆపేసింది?" అన్నారు.

"వాళ్ళకు నేర్పేదానికి మనం ఒక్క రూపాయి పెట్టలేదు సార్. ఈ ఫైల్లో అట్లాంటి బిల్లే లేదు. చూడండి."

ఆయన చివరి దాకా చూశారు. లేదు. నాలుగేళ్ళుగా చెప్పలేకపోయిన మాట అంత తేలికగా బయటికి వచ్చేసిందని నాకే ఆశ్చర్యంగా ఉండింది.

"సరే. తక్కువలో అయ్యే దారి లేదా?" అని అడిగారు.

"ఉండాది సార్. మూడు ఊళ్ళలో ఒకేసారి వద్దు. ధర్మవరం షెడ్డులో మాత్రం ఆరు నెలలు చూస్తాం. మూడున్నర లక్షలు చాలు. నచ్చకపోతే ఆడికే ఆపేస్తాం. అయితే అందులో నేర్పే ఖర్చు మాత్రం తగ్గించొద్దు. అనుకోని ఖర్చుకు పెట్టిన వరుస కూడా తీసేయొద్దు."

అకౌంట్స్ పెద్దాయన ఆ చివరి వరుస మీద పెన్ను ఆనించాడు. "అనుకోనిది అంటే ఏందమ్మా? పేరు లేని ఖర్చుకు దుడ్లు యాడ నుంచి తీసుకొచ్చేది?"

"తెలిస్తే పేరు పెట్టేదాన్ని సార్."

ఈసారి యజమాని నవ్వారు. ఆ వరుస ఉండనిమ్మన్నారు. మూడున్నర లక్షలకు పైన ఒక్క రూపాయి దాటినా బాధ్యత నీదేనని చెప్పి, సంతకం పెట్టారు.

ఆ ఆరు నెలలు హిందూపురం నుంచి ధర్మవరానికి ఎన్నిసార్లు రైలెక్కానో లెక్కలేదు. కంపెనీ నుంచి నేర్పడానికి వచ్చిన అబ్బాయి తెలివైనవాడే కానీ, మాటకు ముందు ఒకటి, వెనక ఒకటి ఇంగ్లీషు ముక్క. షెడ్డులో వాళ్ళు మర్యాదకు తలలూపారు తప్ప ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. రెండో రోజు నేను మా హెడ్ ఫిట్టర్‌ను వెంటబెట్టుకుని వెళ్ళాను. అతనికీ కంప్యూటర్ కొత్తే. నేను ఒకటి చూపిస్తే, అది తనకు అర్థమయ్యేదాకా నన్ను అడిగి, తర్వాత వాళ్ళకు తన మాటల్లో చెప్పాడు.

"ఏం లేదబ్బా. ఆస్పత్రిలో మనకు ఓపీ చీటీ రాస్తారు కదా, అట్ల మిషన్‌కు చీటీ ఇది. ఏం జబ్బు, ఎవురు చూసినారు, ఏం మందేసినారు. అంతే."

బాయిలర్ పెద్దాయన ముందుకొచ్చి, వేలిని చొక్కాకు తుడుచుకుని, తెలుగులో మొదటి చీటీ రాశాడు. "వాల్వు దగ్గర నీటి చుక్కలు. బిగించాను." నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ రెండు ముక్కలు చదివి నాకు కళ్ళు చెమర్చాయి.

అన్నీ సాఫీగా ఏమీ జరగలేదు. రెండో నెలలోనే ఆవిరి తగిలి ఒక ట్యాబ్లెట్ పాడైపోయింది. కొత్తది, దాని మీదికి ఆవిరి పోకుండా అద్దం పెట్టె అనుకోని ఖర్చు వరుసలోంచి కొన్నాం. అకౌంట్స్ పెద్దాయన బిల్లు చూసి, అక్కడికక్కడే పాస్ చేశాడు. మూడో నెలలో సాఫ్ట్‌వేర్ కంపెనీ, వాడే మనుషులు ఎక్కువయ్యారని చెప్పి అదనపు బిల్లు పంపింది. మొదలుపెట్టే ముందు వాళ్ళు రాసిచ్చిన ఈమెయిల్ తీసి, ధర్మవరంలో ఎంతమందికి ఒప్పుకున్నారో ఆ వాక్యం కింద గీత గీసి తిప్పి పంపాను. రెండు రోజుల్లో బిల్లు వెనక్కి తీసుకున్నారు. ఆ రోజు అకౌంట్స్ పెద్దాయన ఫోన్ చేసి, "ఆ ఈమెయిల్ నాకూ ఒక కాపీ పంపమ్మా, ఫైల్లో పెట్టుకుంటా" అన్నాడు.

అసలు పరీక్ష పెళ్ళిళ్ళ సీజన్‌కు ముందు వచ్చింది. ధర్మవరంలో ఆ నెలల్లో మగ్గాలకు తీరిక ఉండదు, రంగుల షెడ్డుకు అంతకన్నా ఉండదు. ప్రతి ఏడాదీ సరిగ్గా అప్పుడే ఆవిరి ఆగేది. సీజన్ మొదలయ్యే ముందు ఒక ఉదయం బాయిలర్ పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. షెడ్డులోంచే చేశాడు. ట్యాబ్లెట్ కోసం పెట్టించిన నెట్టు మీద ఇప్పుడు ఫోను కూడా పనిచేస్తోంది.

"అమ్మా, బాయిలర్‌కు నీళ్ళు తోసే పంపు ఉండాది కదా. దాని చీటీలు వరుసగా చూస్తాండా. నీళ్ళు కారతాండాయని రెండు నెలల్లో మూడు తూర్లు సీలు మార్చినాం. ముగ్గురం మూడు షిఫ్టుల్లో మార్చినాం కాబట్టి ఒకరికొకరికి తెలీలేదు. ఇది సీలు జబ్బు కాదు. లోపల తిరిగే షాఫ్టే అరిగిపోయినట్టుండాది."

"ఎన్ని రోజులు ఆగుతుంది అనుకుంటాండారు?"

"సీజన్ మధ్యలో నిలబెడతాది. ఇప్పుడే మార్చేస్తాం."

హిందూపురం సామాన్ల గది జాబితాను అప్పటికే సరిచేయడం మొదలుపెట్టాం. వెతికితే అలాంటి పంపే ఒకటి, డబ్బా కూడా విప్పకుండా, వేరే పేరుతో ఒక మూల దొరికింది. హెడ్ ఫిట్టర్ దాన్ని వ్యాన్‌లో వేసుకుని స్వయంగా పోయాడు. సెలవు రోజు చూసి మధ్యాహ్నానికల్లా బిగించేశారు. పాత పంపు విప్పితే షాఫ్టు వేలితో ముట్టుకుంటే తెలిసేంత అరిగిపోయి ఉంది.

ఆ సీజన్‌లో ఆవిరి ఒక్క పూట కూడా ఆగలేదు. ఒక్క తొట్టి పట్టు కూడా రంగు తేడా వచ్చి వెనక్కి రాలేదు. షెడ్డు మేనేజర్ అంతకు ముందు సీజన్లలో పాడైన దారం విలువ తనే కూర్చుని లెక్క వేసి, ఎవరూ అడక్కుండానే యజమానికి పంపాడు. మా ఆరు నెలల ఖర్చు కంటే అది చాలా ఎక్కువ.

మళ్ళీ పెనుకొండలో మీటింగు. అదే గది, అవే కుర్చీలు. మూడున్నర లక్షల్లో పదకొండు వేలు మిగిలాయి. యజమాని నా కాగితం కాసేపు చూసి, అకౌంట్స్ పెద్దాయన వైపు తిరిగారు.

"ఏమప్పా, మిగతా రెండు చోట్లకూ ఇచ్చేస్తామా?"

పెద్దాయన అప్పటికే నా మొదటి బడ్జెట్, ఆ ముప్పై ఒక్క లక్షల కాగితం, తన ఫైల్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పారేశాడనుకున్నాను.

"ఇచ్చేస్తాం సార్. ఇంకొక మాట. కొత్తగా రెండో బాయిలర్ కొంటామంటాండారు కదా. దాని బడ్జెట్ కూడా ఈ అమ్మితోనే రాయించండి. అమ్మేవాళ్ళ రేటు కాగితం నాకొద్దు. అసలు ఖర్చు ఎంతో రాసిమ్మనండి."

ఆ నెలలోనే మూడు చోట్ల మెయింటెనెన్సుకూ నన్ను ఇంఛార్జిగా వేశారు. ఇంటికి పోయి చెబితే నాయన, "మూడు ఊర్లా?" అని రెండుసార్లు అడిగి, పక్కింటివాళ్ళకు చెప్పడానికి వెళ్ళిపోయాడు. అన్నం వడ్డించిన కంచం అట్లాగే ఉండిపోయింది.

ఇంత జాగ్రత్తగా రాసిన బడ్జెట్లో నేను ఒక ఖర్చు వదిలేశాను. అది పెనుకొండలో బయటపడింది. అక్కడ సాఫ్ట్‌వేర్ మొదలైన నాలుగో నెలలో, ఏ రిపేరు ఎవరు చేశారో జాబితా తీశాను. దాదాపు అన్ని చీటీల మీదా ఆ నలుగురు ఆడవాళ్ళ పేర్లే ఉన్నాయి. జీతాల పట్టీలో మాత్రం వాళ్ళు హెల్పర్లు. మెకానిక్ అని జీతం తీసుకునే ఇద్దరు మగవాళ్ళ పేర్లు అక్కడక్కడా ఉన్నాయి. ఎన్నేళ్ళుగానో అట్లాగే జరుగుతోంది. ఎవరు ఏం చేశారో రాసిపెట్టే చోటు లేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఆ జాబితా పట్టుకుని యజమాని దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి, "సాఫ్ట్‌వేర్ కొంటే జీతాలు కూడా పెంచాల్సి వస్తుందని ముందే రాయలేదేమ్మా?" అన్నారు. కోపంగా అనలేదు.

"అది నా తప్పే సార్. ఇప్పుడు రాసుకొచ్చినా" అని రెండో కాగితం ఇచ్చాను.

నలుగురికీ మెకానిక్ గ్రేడు వచ్చింది. ఆ ఉత్తర్వు కాగితాలు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. పెద్దామె చదువుకుని, మడిచి, జాకెట్లో దాచుకుంది. తక్కిన ముగ్గురూ ఒకరి కాగితం ఒకరు మార్చుకుని చదువుకున్నారు. కుట్టు లైన్లలో కూర్చున్న అమ్మాయిలు విషయం తెలిసి మిషన్లు ఆపి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. సూపర్వైజర్ వద్దనలేదు. ఆ చప్పట్లు ఒక వరుస నుంచి ఇంకో వరుసకు, ఫ్యాక్టరీ చివరిదాకా పోయాయి.

"ఈ పొద్దు భోజనం మాతోనే" అని పెద్దామె నా చెయ్యి పట్టుకుంది. క్యాంటీన్లో నాలుగు టిఫిన్ డబ్బాలు విప్పి, రాగి ముద్ద, ఊరిమిండి పచ్చడి, చింతాకు పప్పు నా ముందుకే తోశారు. తింటుండగా ఒకామె, ఇరవై మూడో నంబరు మిషన్ మళ్ళీ దారం తెంపుతోందని చెప్పింది. నలుగురూ దాని గురించి వాదులాడుకుంటూ లేచారు. నేను కూడా చెయ్యి కడుక్కుని వాళ్ళ వెంట లోపలికి నడిచాను.